ఒంటికి తగ్గ తుపాకి

చెర్వుగట్టు జాతరకో, కురుమూర్తి జాతరకో వెళ్లినవాళ్లకి బెలూన్ల దుకాణం తెలియకుండా ఉండదు. చెక్క పలక మీద వరసగా బెలూన్లు, ముందు ఒక బల్ల, బల్ల మీద పాత ఎయిర్ గన్. గురి చూసి కొడితే బెలూను పగలదు. పక్కనున్న బెలూనుకూ దానికీ మధ్యలోంచి గుండు వెళ్లిపోయి పలకకు తగులుతుంది. ‘నాకు గురి లేదు’ అనుకుని చాలామంది డబ్బులిచ్చి వచ్చేస్తారు. నిజానికి తప్పు చాలాసార్లు కంటిది కాదు, తుపాకిది. దాని సైటు ఎప్పుడో వంగిపోయి ఉంటుంది. తెలివైన కుర్రాడు మొదటి గుండు ఎటు పోయిందో చూసుకుంటాడు. రెండోసారి బెలూనుకు అంత దూరం ఇవతల గురిపెడతాడు. టప్!

తుపాకిలోని తప్పును కంటితో దిద్దుకోవడం జాతర విద్య. తుపాకినే విప్పి, బిగించి, సానపెట్టి, మనిషికి తగ్గట్టు దిద్దుకోవడం మరో విద్య. దానికి పెద్ద ఆటే ఉంది. ఒలింపిక్స్ దాకా వెళ్లిన ఆట. ఆ ఆటలో వాడే చిన్న తుపాకి పేరు .22 రైఫిల్. ‘పాయింట్ టూ టూ’ అంటారు.

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పేరు వినగానే గుర్తుపట్టేది ఎన్‌సీసీలో చేరిన వాళ్లే. కాలేజీ రోజుల్లో క్యాంపుకు వెళ్లి, గోనెసంచి మీద బోర్లా పడుకుని, హవల్దారు అరుపుల మధ్య ఐదు రౌండ్లు కాల్చి, కాగితం మీద పడ్డ చిల్లులు లెక్కపెట్టుకున్న జ్ఞాపకం చాలామందికి ఉంటుంది. ఆ రైఫిలు అందరిదీ. పొడుగు వాడికీ, పొట్టి వాడికీ, ఎడమచేతి వాటం పిల్లకీ అదే. ఎవరి ఒంటికీ సరిగ్గా సరిపోదు. క్యాంపులో దాని గురించి ఎవరూ ఆలోచించరు కూడా. ఐదు చిల్లులూ కాగితం మీద పడితే చాలు, పండగే.

ఈ .22ని రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తుపాకుల తూటాకు అడుగున మధ్యలో చిన్న బిళ్ల ఉంటుంది, దాని మీద కొడితే మందు అంటుకుంటుంది. దీనికి అలా కాదు. తూటా అడుగున చుట్టూ ఉండే పల్చటి అంచులోనే అంటించే మందు దాగి ఉంటుంది. ఆ అంచు మీద ఎక్కడ కొట్టినా పేలుతుంది. ఫ్రాన్స్‌లో ఫ్లోబెర్ అనే తుపాకుల పనివాడు 1845 ప్రాంతంలో ఇలాంటి చిన్న తూటాను తయారుచేశాడు. ఇంటి హాల్లో సరదాగా గురి చూసుకోవడానికట! ఇప్పుడు ప్రపంచమంతా వాడే ‘.22 లాంగ్ రైఫిల్’ తూటా 1887లో అమెరికాలో పుట్టింది. గుండు బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, మందం 5.6 మిల్లీమీటర్లు. పోటీల్లో వాడే తూటా ధ్వని వేగం కన్నా కాస్త నెమ్మదిగానే వెళుతుంది. అది కావాలని చేసిన ఏర్పాటే. ధ్వని వేగాన్ని దాటిన గుండు దారిలో మళ్లీ ఆ వేగం కిందికి దిగేటప్పుడు గాల్లో తొణుకుతుంది. గురి ఆటకు ఆ తొణుకు పనికిరాదు.

ఎందుకంత పట్టింపు? లక్ష్యం ఎంతుంటుందో చూస్తే అర్థమవుతుంది. 50 మీటర్ల దూరం. అంటే 164 అడుగులు. అక్కడున్న కాగితం మీద పది మార్కులు వచ్చే వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. దాదాపు చొక్కా గుండీ అంత. వీధి ఈ చివర నిలబడి ఆ చివర తాడు మీద ఆరేసిన చొక్కా గుండీని కొట్టాలన్నమాట. ఒకసారి కాదు, అరవై సార్లు.

చిన్న లెక్క ఒకటి. రైఫిలు కొన మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగిందనుకోండి. మీటరు పొడవున్న రైఫిలు అయితే, ఆ చిన్న తేడా 50 మీటర్ల దగ్గరికి చేరేసరికి యాభై రెట్లు పెరిగి 5 మిల్లీమీటర్లవుతుంది. పది వలయంలో సగం వెడల్పు అంతే! మిల్లీమీటరులో పదో వంతు అంటే మామూలు కాగితం మందం. మనిషి ఊపిరికి, గుండె చప్పుడుకు అంతకన్నా ఎక్కువే కదులుతుంది ఒళ్లు. అందుకే ఈ ఆట ఆడేవాళ్లు తుపాకిని బలంగా పట్టుకోరు. బలంగా పట్టుకుంటే కండరం వణుకుతుంది. ఎముక మీద ఎముక నిలబెట్టి, దాని మీద రైఫిలు ఆనించి ఊరుకుంటారు. అలా ఊరుకోవాలంటే రైఫిలు ఆ మనిషి ఎముకల కొలతల్లో ఉండాలి.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. పోచంపల్లిలోనూ, గద్వాలలోనూ గుంట మగ్గాలు చూసినవాళ్లకి తెలుసు. నేతగాడి కాలి పొడవును బట్టి గుంట లోతు ఉండాలి. అన్న మగ్గం మీద తమ్ముడు కూర్చుంటే నడుం పడుతుంది. నాగలి మేడి ఎత్తు కూడా అంతే. దున్నే మనిషి నిలువును చూసి వడ్లాయన చెక్కేవాడు. పొట్టివాడి నాగలిని పొడుగువాడు పట్టుకుంటే సాయంత్రానికి వీపు వంగిపోయేది. పనిముట్టు మనిషికి లొంగాలి గానీ, మనిషి పనిముట్టుకు లొంగితే పని చెడుతుంది.

పోటీ రైఫిలు చూస్తే సినిమాల్లో చూసిన తుపాకిలా ఉండదు. కుట్టుమిషనుకూ, కృత్రిమ కాలికీ పుట్టినట్టు ఉంటుంది. అల్యూమినియం చట్రం, ఎక్కడ చూసినా మరలు. భుజానికి ఆనే వంపు పలక పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ, పక్కకు కూడా జరుగుతుంది. చెంప ఆనించే చెక్క ఎత్తు మారుతుంది. ఎడమ చేయి ఆగే చిన్న ఆపు, దానికి తగిలించే తోలు పట్టీ, ముందు బరువులు... అన్నీ కదిలేవే. సైట్లు కూడా వేరు. వెనక చిన్న రంధ్రం, ముందు ఒక ఉంగరం. రంధ్రంలోంచి ఉంగరం, ఉంగరంలోంచి నల్లటి లక్ష్యం కనపడాలి. మూడు గుండ్రాలు ఒకదాంట్లో ఒకటి. భూతద్దాలు లేవు, టెలిస్కోపులు లేవు. పురుషుల విభాగంలో రైఫిలు బరువు అన్ని హంగులతో కలిపి 8 కిలోలు దాటకూడదని నియమం. ఇంట్లో పది కిలోల బియ్యం సంచీ ఎత్తి భుజం మీద పెట్టుకుంటే కాస్త అందాజా వస్తుంది.

ఈ విడిభాగాల కోసం ప్రత్యేకంగా బతికే కంపెనీలున్నాయి. రైఫిళ్లు చేసే ఆన్షుట్జ్, వాల్థర్‌లకు కేంద్రం జర్మనీలోని ఉల్మ్ పట్టణం. రైఫిలు ఒకరిది, భుజం పలక మరొకరిది, కంటి రంధ్రం సన్నం చేసే ఐరిస్ ఇంకొకరిది. గెహ్‌మన్, సెంట్రా, ఎంఈసీ లాంటి పేర్లు షూటర్ల నోట వంటింటి సామాన్ల పేర్లలా పలుకుతాయి. ఒక్కొక్క చిన్న భాగం ధర వింటే మధ్యతరగతి ఇంట్లో నిశ్శబ్దం పరుచుకుంటుంది. రైఫిలు ధర లక్షల్లోనే. ఇక తూటా? ఒకసారి కాల్చితే అయిపోయే వస్తువు.

హైదరాబాద్ ఇంట్లో ఒకప్పుడు ఈ లెక్కలన్నీ వేసుకున్న కుటుంబం గగన్ నారంగ్‌ది. 1983లో చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగాడు. కొడుకు రైఫిలు కోసం తల్లిదండ్రులు ఉన్న ఆస్తిని అమ్ముకున్నారని పతకాలు వచ్చిన రోజుల్లో పత్రికలు రాశాయి. 2003లో హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచి పేరు తెచ్చుకున్నాడు. 2008 బీజింగ్‌లో 595 మార్కులు తెచ్చుకుని కూడా, అన్నే మార్కులున్న వేరే వాళ్లతో పోల్చి చూసే లెక్కలో ఫైనల్ తప్పిపోయాడు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో 701.1తో కాంస్యం. ఆ ఒలింపిక్స్‌లో భారత్‌కు అదే మొదటి పతకం. స్వర్ణం గెలిచిన రుమేనియా షూటరుకు 702.1. మధ్య తేడా సరిగ్గా ఒక్క మార్కు! ఆ పతకం గాలి తుపాకితో వచ్చింది. కానీ అదే లండన్‌లో .22 పోటీల్లోనూ అతడు దిగాడు. 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 50 మీటర్ల పోటీల్లో రజతం, కాంస్యం తెచ్చింది ఆ రిమ్‌ఫైర్ రైఫిలే. పడుకుని కాల్చే పురుషుల ఒలింపిక్ పోటీ 2016 రియోతో ఆగిపోయింది. ఇప్పుడు ఒలింపిక్స్‌లో .22 రైఫిలుకు మిగిలింది మూడు భంగిమల పోటీ ఒక్కటే.

ఆ మూడు భంగిమల పోటీ చూస్తే విడిభాగాల సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. మోకాలి మీద కూర్చుని కొన్ని, బోర్లా పడుకుని కొన్ని, నిలబడి కొన్ని కాల్చాలి. మనిషి ఒక్కడే, ఒళ్లు మూడు రకాలుగా మడత పడుతుంది. మోకాలి మీద ఉన్నప్పుడు భుజం ఒక చోట, పడుకున్నప్పుడు మరో చోట. మెడ వంపు మారుతుంది, కంటి నుంచి సైటుకు దూరం మారుతుంది. కాబట్టి ఒక్కో భంగిమకు రైఫిలును మళ్లీ కట్టుకోవాలి. గడియారం నడుస్తూనే ఉంటుంది. భుజం పలక తిప్పాలి, చెంప చెక్క ఎత్తాలి, చేతి ఆపు జరపాలి. ఆ రెండు మూడు నిమిషాల్లో షూటరు ఆటగాడు కాదు, మెకానిక్కు.

2024 ఆగస్టు 1న పారిస్‌లో స్వప్నిల్ కుసాలే ఆడిన ఫైనల్ అలాంటిదే. కొల్హాపూర్ జిల్లా కుర్రాడు, అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టరు. మోకాలి మీద కాల్చడం పూర్తయ్యేసరికి ఆరో స్థానం. పడుకుని కాల్చాక ఐదో స్థానం. నిలబడి కాల్చడం మొదలయ్యాక ఒక్కొక్కరినీ దాటుకుంటూ మూడో స్థానానికి వచ్చాడు. 451.4తో కాంస్యం. ఒలింపిక్స్‌లో ఈ పోటీలో భారత్‌కు వచ్చిన మొదటి పతకం. అందరూ చివరి షాట్ల గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో అతడు మరలు బిగించుకున్న నిమిషాల గురించి టీవీలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అప్పుడు ఒక్క మర ఒక గీత తేడాగా బిగిసి ఉంటే ఆ చివరి షాట్లు ఉండేవే కావు.

సైటు మాట వచ్చింది కాబట్టి అభినవ్ బింద్రా సంగతి చెప్పుకోవాలి. 2008 బీజింగ్ ఫైనల్‌కు ముందు ప్రాక్టీసు షాటు వేస్తే, గుండు పది దరిదాపుల్లో కాదు, నాలుగు మార్కుల దగ్గర పడింది. కాసేపటి క్రితం దాకా బాగున్న రైఫిలు! విరామంలో ఎవరో సైటు కదిపి ఉంటారని అతడు తర్వాత రాసుకున్నాడు. ఎవరు, ఎందుకు అన్న విచారణకు అప్పుడు తీరిక ఎక్కడిది? సైటు మరలు తిప్పి దారిలోకి తెచ్చుకున్నాడు. ఆ రోజు వచ్చింది దేశానికి మొట్టమొదటి వ్యక్తిగత స్వర్ణం. తన రైఫిలులో ఏ మర ఎటు తిప్పితే గుండు ఎటు జరుగుతుందో వేళ్లకే తెలిసి ఉండటం ఎంత అక్కరకొచ్చిందో!

ఇక్కడ షూటింగ్ రేంజిల్లో అందరికీ తెలిసిన ఒక జబ్బు గురించి కూడా చెప్పాలి. స్కోరు పెరగకపోతే కొత్త భాగం కొనాలనిపించడం. పక్కవాడు కొత్త భుజం పలక తెచ్చాడు, వాడికి పది ఎక్కువొచ్చాయి, మనమూ తెద్దాం! కోచ్‌లు దీన్ని చూసి నవ్వుకుంటారు. వాళ్ల వరస వేరు. ముందు నిలబడటం నేర్చుకో. కళ్లు మూసుకుని రైఫిలు ఎత్తు, కళ్లు తెరిచి చూడు, లక్ష్యం ఎదురుగా ఉందా? పక్కకు ఉంటే చేత్తో లాగకు, పాదం జరుపు. ఆ తర్వాత భుజం పలక, చెంప చెక్క. తల వాలిస్తే కన్ను దానంతట అదే రంధ్రం ముందుకు రావాలి, మెడ చాచి వెతుక్కోకూడదు. ఇవన్నీ కుదిరాకే సైట్లు, చివరికి ట్రిగ్గర్. తూటా లేకుండా ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే సాధన వేల సార్లు చేయిస్తారు. దానికి పైసా ఖర్చు లేదు. అందుకేనేమో, పిల్లలకు దాని మీద పెద్దగా మోజుండదు.

తూటాల ఎంపిక మాత్రం నిజంగానే విచిత్రం. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర. అయినా ఒక రోజు తయారైన తూటాలు ఒక రైఫిలుకు పడతాయి, మరో రోజు తయారైనవి పడవు. పక్క రైఫిలుకు దానికి ఉల్టా. అందుకని పెద్ద షూటర్లు రైఫిలునో, దాని గొట్టాన్నో కంపెనీ పరీక్షా కేంద్రానికి తీసుకెళతారు. ఇంగ్లండులోని ఎలీ, ఫిన్లాండ్ పేరున్న లాపువా లాంటి కంపెనీలకు ఇలాంటి ఏర్పాట్లున్నాయి. అక్కడ మనిషి చేయి తగలకుండా ఇనప పట్టులో బిగించి, ఒక్కో తయారీ విడత నుంచి కొన్ని తూటాలు కాల్చి చూస్తారు. ఏ విడత చిల్లులు దగ్గరగా పడ్డాయో ఆ నంబరు డబ్బాలు వేలకొద్దీ కొనేస్తారు. పెళ్లిసంబంధాలకు జాతకాలు చూసినట్టే ఉంటుంది గానీ, ఇక్కడ కాగితం మీద రుజువు కనపడుతుంది.

అమెరికాలో ఇదంతా వేరే సరదా. అక్కడ రూగర్ కంపెనీ 1964లో తెచ్చిన 10/22 అనే చిన్న .22 రైఫిలుకు బయటి కంపెనీలు చేసే విడిభాగాలకు లెక్కే లేదు. గొట్టం, పిడి, ట్రిగ్గర్ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే చివరికి కంపెనీ ఇచ్చిన రైఫిలులో మిగిలేది పేరొక్కటే అని జోకులేసుకుంటారు. ఆదివారం గ్యారేజీలో కూర్చుని, మన దగ్గర కుర్రాళ్లు బైకు సైలెన్సరు మార్చినట్టు మారుస్తారు. అక్కడున్న తెలుగు కుర్రాళ్లు కొందరు ఆ వీడియోలు ఇంటికి పంపి ‘చూడు మామా’ అంటే, ఇక్కడి మామకు గుండె గుభేలుమంటుంది. అనడంలో తప్పులేదు. మన చట్టం ఆ సరదాను ఒప్పుకోదు.

1959 ఆయుధ చట్టం ‘ఆయుధం’ అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే ఆయుధాల భాగాలు కూడా ఉన్నాయి. అంటే మొత్తం తుపాకి అక్కర్లేదు, దాని గొట్టమో బోల్టో కూడా చట్టం కళ్లకు ఆయుధమే. తుపాకుల తయారీకి, అమ్మకానికి, మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. ఊళ్లో లేతు మిషను ఉన్న తెలివైన పనివాడు ఉన్నాడు కదా అని గొట్టం పట్టుకెళ్లి ఇస్తే, ఇచ్చినవాడూ చేసినవాడూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు. గొట్టాన్ని పొట్టి చేయడం, బొమ్మ తుపాకిని పనిచేసే తుపాకిగా మార్చడం లాంటివి మరీ పెద్ద నేరాలు. కాబట్టి ఇక్కడి షూటరు చేతిలో ఉన్న స్వేచ్ఛ మరలు తిప్పుకునేంత మేరకే. భుజం పలక, చెంప చెక్క, పట్టీ, సైటు క్లిక్కులు. లోపలి పని లైసెన్సు ఉన్న పనివాడిది.

అదే చట్టం ఆటగాడి వైపు కాస్త దయగానూ చూసింది. 2019 సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. కానీ గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ సభ్యులు గురి సాధనకు వాడే .22 రైఫిలుకు, ఎయిర్ రైఫిలుకు ఆ సంఖ్య పరిమితి వర్తించదు. 21 ఏళ్లు నిండకుండా సొంత తుపాకికి లైసెన్సు రాదు గానీ, పిల్లలు నియమాలకు లోబడి శిక్షణ తీసుకోవచ్చు. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం, దాని కింద రాష్ట్ర సంఘాలు, క్లబ్బులు... దారి అటు నుంచే. పేరు సంపాదించిన షూటర్లకు విదేశీ రైఫిలు తెప్పించుకోవడంలో సుంకం మినహాయింపు కూడా ఉంటుంది. ఆ పేరు వచ్చేదాకా ఎలా అన్నదే అసలు ప్రశ్న.

మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఒక ఇల్లు ఊహించుకోండి. ఎన్‌సీసీ క్యాంపు నుంచి వచ్చిన కూతురు, తాను కాల్చిన కాగితం తెచ్చి గోడకు అంటించింది. ఐదు చిల్లులూ అరచేతి కింద మూసేయొచ్చు. “బాపూ, నేను షూటింగ్ నేర్చుకుంట” అంది. తండ్రి ఏమీ అనలేదు. వంటింట్లోంచి నాయనమ్మే ముందు పలికింది. “తుపాకి ఎందుకు బిడ్డా మనకు? తుపాకి చూసినకాడ ఎవరు బాగుపడ్డరు?”

ఆ ముసలమ్మను తప్పుపట్టలేం. ఈ నేలకు తుపాకి ఆటవస్తువుగా పరిచయం కాలేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి నల్గొండ గుండెకాయ. వడిసెలలతో, కారంపొడితో మొదలుపెట్టిన పల్లెలు తర్వాత బర్మారు తుపాకులు పట్టాయి. రజాకార్లూ, సైన్యాలూ, దళాలూ ఒకదాని వెంట ఒకటి వచ్చి పోయాయి. ఆ తర్వాతి తరం నల్లమల అంచున, దేవరకొండ, అచ్చంపేట వైపు మరో విడత చూసింది. రాత్రి తలుపు చప్పుడైతే తీయాలా వద్దా అని వణికిన ఇళ్లున్నాయి. ఊళ్లో తుపాకి ఉందంటే అది దొరది కావాలి, దళానిది కావాలి, పోలీసుది కావాలి. ఎవరిదైనా ఆ చివర నిలబడేది పేదవాడే. ఆ ముసలమ్మ చెవిలో తుపాకి అన్న మాటకు యాభై మీటర్ల దూరంలోని కాగితం కనపడదు, మనిషి కనపడతాడు.

ఆ పిల్ల మాత్రం తెలివిగా మాట్లాడింది. వాదించలేదు. నాయనమ్మ చేయి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లి, కాగితం మీది చిల్లులు చూపించింది. “ముగ్గు చుక్కలు పెట్టినట్టు పెట్టాలె నాయనమ్మా. అన్నీ ఒక్క చుక్క మీదనే.” ముసలమ్మ కళ్లజోడు తెచ్చుకుని చూసింది. “ఇది పక్కకు పోయిందేందే?” అని ఐదోదాని మీద వేలు పెట్టింది. ఇంట్లో మొదటి కోచ్ దొరికినట్టే!

ఇలాంటి ఇంటి నుంచి బయలుదేరితే మొదట .22 దగ్గరికి ఎవరూ పంపరు. ఎయిర్ రైఫిలుతో మొదలు. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న .177 గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. గుండు ఖర్చూ తక్కువ. పది మీటర్ల రేంజి అయితే పెద్ద హాల్లో కూడా సరిపోతుంది. కాకపోతే దాంతో చింతచెట్టు మీది పిట్టల్ని కొట్టడం ఆట కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. 50 మీటర్ల .22 కోసం మాత్రం రాజధాని వెళ్లాల్సిందే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజి పిల్లలతో కళకళలాడుతుంటుంది. నల్గొండ నుంచి పొద్దున మొదటి బస్సెక్కితే ఎల్బీనగర్, అక్కడి నుంచి ఊరి ఆ చివరకి మరో ప్రయాణం. మహబూబ్‌నగర్ వాళ్లకు దారి కాస్త నయం.

అక్కడ రైఫిలు క్లబ్బుదే ఉంటుంది. మొదటి రోజు గన్ను చేతికివ్వరు. నియమాలు చెబుతారు. గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే. వేలు ట్రిగ్గర్ మీద పెట్టడం చివరి పని. బోల్టు తెరిచి, లోపల తూటా లేదని చూపించడానికి రంగు దారం గొట్టంలో పెట్టి ఉంచాలి. ఎవరైనా ముందుకు వెళితే అందరూ తుపాకులు కింద పెట్టి వెనక్కు నిలబడాలి. ఆ క్రమశిక్షణ చూశాక తండ్రి భయం సగం తగ్గుతుంది. ఫీజుల బోర్డు చూశాక మిగతా సగం వేరే రూపంలో తిరిగొస్తుంది.

డబ్బు సంగతి దాచేది కాదు. ఈ ఆట పేదవాడికి తలుపు తెరిచి పెట్టిన ఆట కాదు. బోరు ఎండిపోయి, పత్తికి ధర లేక, ఉన్న ఎకరాన్ని కాపాడుకునే ఇంటికి లక్షల రైఫిలు అన్న మాటే అన్యాయంగా వినిపిస్తుంది. కుసాలేకు రైల్వే ఉద్యోగం తోడైంది. నారంగ్ 2011లో ‘గన్ ఫర్ గ్లోరీ’ అకాడమీ మొదలుపెట్టాడు. అందులో సాధన చేసిన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. వాటిలో రెండు 25 మీటర్ల పిస్టల్‌వి. ఆ పిస్టల్‌లోనూ తిరిగేది ఇదే .22 రిమ్‌ఫైర్ తూటా. అన్నీ నగరం పేర్లే. జిల్లా కేంద్రంలో ఒక పది మీటర్ల హాలు, నాలుగు క్లబ్బు రైఫిళ్లు, ఓపికున్న ఒక కోచ్ ఉంటే ఎన్‌సీసీ క్యాంపులో బయటపడ్డ కళ్లు క్యాంపుతోనే మూతపడవు. స్టేడియాలకు రంగులు వేయించే ఖర్చులో అదేమంత పెద్ద మొత్తం?

క్లబ్బు రైఫిలుకున్న ఇబ్బంది ఒకటే. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వాడతారు. ఒకరి కొలత ఇంకొకరికి పడదు. అందుకని పిల్లలు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుంటారు. భుజం పలక స్కేలు మీద ఎన్నో గీత, చెంప చెక్క ఎంత ఎత్తు, చేతి ఆపు ఎక్కడ, పట్టీ ఎన్నో రంధ్రం. రాగానే అలెన్ కీ తీసి తమ అంకెలకు బిగించుకుంటారు, పోయేటప్పుడు వదులు చేసి వెళతారు.

అన్నిటికన్నా తమాషా ఎదిగే పిల్లలది. జూన్‌లో రాసుకున్న అంకెలు సంక్రాంతికి పనికిరావు. చేయి సాగుతుంది, మెడ సాగుతుంది, మొన్నటిదాకా పది మీద పడ్డ గుండ్లు ఏ కారణం లేకుండా ఎనిమిదికి జారతాయి. పిల్ల ఏడుపు ముఖం పెడుతుంది. కోచ్ రైఫిలు వైపు చూడడు, పిల్ల మణికట్టు వైపు చూస్తాడు. చొక్కా చేతులు పొట్టివై మణికట్టు బయటపడి ఉంటుంది. భుజం పలక వెనక ఒక బిళ్ల చేర్చి, మర బిగించి, పాత అంకె కొట్టేసి కొత్త అంకె రాయమంటాడు. బడి యూనిఫాం కుట్టించేటప్పుడు అమ్మలు అంచు లోపలికి మడిపించి, ఏటా కాస్త కాస్త విప్పుకుంటూ వస్తారు చూడండి, అచ్చం అలాగే.